పాత స్కిడ్ స్టీర్ లోడర్: విడిభాగం మార్చే ముందు పరీక్ష

సున్నం ఎక్కువగా ఉన్న నేలలో వేరుశనగ పైరు పాలిపోయినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు వెంటనే యూరియా వేయమని సిఫారసు చేయరు. పాలిపోయినవి ముదురు ఆకులా, లేత ఆకులా అని మొదట పరిశీలిస్తారు. ముదురు ఆకుల నుండి మొదలైతే నత్రజని లోపాన్ని అనుమానిస్తారు. లేత ఆకులలో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు రంగుకు మారితే ఇనుప ధాతు లోపాన్ని అనుమానిస్తారు. చూపుకు రెండూ పసుపే. అయినా లక్షణం కనిపించే చోటును బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స మారుతాయి. వ్యవసాయ విద్యలో ఇది తొలి పాఠాలలో ఒకటి.

ఈ క్రమశిక్షణ పొలం గట్టు దాటి యంత్రాల షెడ్డులోకి ఇంకా పూర్తిగా ప్రవేశించలేదు. యంత్రం కదలకపోతే 'పంపు పోయింది' అన్న మాట పరీక్షకు ముందే వినిపిస్తుంది. ఖరీదైన పంపు మార్చిన తరువాత కూడా యంత్రం కదలనప్పుడు అసలు లోపం తుప్పు పట్టిన ఒక వైరు కొసలోనో, మూసుకుపోయిన ఒక ఫిల్టర్‌లోనో బయటపడుతుంది. చేతులు మారి వచ్చిన పాత స్కిడ్ స్టీర్ లోడర్ ఈ లోటును స్పష్టంగా చూపే యంత్రం. దాని నిర్వహణను, లోప నిర్ధారణను మెకానిక్ వృత్తి రహస్యంగా వదిలివేయక, పైరు సమస్యల నిర్ధారణ వలెనే విస్తరణ విద్యలో భాగం చేయవలసిన అవసరం ఉన్నది.

కోళ్ల షెడ్డు కోసం పుట్టిన యంత్రం

స్కిడ్ స్టీర్ లోడర్‌ను నేడు నిర్మాణ పనుల యంత్రంగానే చాలామంది గుర్తిస్తారు. దాని పుట్టుక మాత్రం వ్యవసాయంలోనే జరిగింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రోత్‌సే అనే చిన్న ఊరిలో యంత్రాల మరమ్మతు దుకాణం నడిపిన సిరిల్ కెల్లర్, లూయిస్ కెల్లర్ అనే సోదరులు 1957లో దీని తొలి రూపాన్ని తయారు చేశారు. ఎడ్డీ వేలో అనే టర్కీ కోళ్ల రైతుకు స్తంభాల మధ్య ఇరుకు చోట తిరుగుతూ ఎరువు తీయగల చిన్న, తేలికైన లోడర్ కావలసి వచ్చింది. ఆ అవసరమే దీనికి మూలం. తొలి యంత్రానికి ముందు రెండు చక్రాలు, వెనుక ఒక చిన్న తిరుగుడు చక్రం ఉండేవి. నార్త్ డకోటాలోని మెల్రో సంస్థ 1958లో దాని తయారీని చేపట్టింది. 1960లో నాలుగు చక్రాల నమూనా వచ్చింది. 'బాబ్‌క్యాట్' అన్న పేరు 1962 నుండి వాడుకలోకి వచ్చింది.

గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో నిలిచే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు ఈ చరిత్ర పరాయిది కాదు. కోళ్ల షెడ్డు కింది ఎరువు, పాడి పశువుల పేడ, కంపోస్టు కుప్పల తిరగవేత, దాణా నిల్వల తరలింపు వంటి పనులకు ఈ యంత్రం సహజంగా సరిపోతుంది. కొత్త యంత్రం కొనే స్తోమత అందరికీ ఉండదు. అందువలన నిర్మాణ పనులలో కొన్నేళ్లు పనిచేసిన యంత్రాన్ని కొనడం సాధారణ యజమానికి అందుబాటులో ఉన్న మార్గం. అయితే అటువంటి యంత్రంతో పాటు దాని చరిత్ర రాదు. సర్వీసు పుస్తకం ఉండదు. గంటల మీటరు మారి ఉండవచ్చు. ఏ ఆయిల్ పోశారో చెప్పేవారుండరు.

సస్యశాస్త్ర దృష్టితో చూస్తే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. తొలకరికి ముందు పొలానికి చేరవలసిన ఎరువు యంత్రం ఆగిన కారణంగా షెడ్డులోనే నిలిచిపోతే దుక్కిలో కలిపే అదను తప్పుతుంది. ఈలోగా తడిసిన ఎరువు నుండి నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. అదే అమ్మోనియా పక్కనే ఆగి ఉన్న యంత్రపు రాగి వైర్లను తినివేస్తుంది.

నిర్మాణం తెలిస్తే నిర్ధారణ సులభం

ఈ యంత్రంలో చక్రాలు ట్రాక్టరు చక్రాల వలె పక్కకు తిరగవు. ఎడమ వైపు చక్రాల జత ఒక వేగంతో, కుడి వైపు జత మరొక వేగంతో తిరగడం వలన యంత్రం నేలపై జారుతూ మలుపు తీసుకుంటుంది. తొలినాటి యంత్రాలలో ఈ పని క్లచ్చులతో, బెల్టులతో జరిగేది. తరువాతి యంత్రాలలో ఇంజన్ రెండు హైడ్రోస్టాటిక్ పంపులను తిప్పుతుంది. ఒక పంపు ఎడమ మోటారుకు, రెండవది కుడి మోటారుకు ఆయిల్‌ను పంపుతుంది. ప్రతి మోటారు నుండి ఆ వైపు ముందు, వెనుక చక్రాలకు చైన్ల ద్వారా శక్తి చేరుతుంది. ఈ చైన్లు ఆయిల్ నింపిన పెట్టెలో తిరుగుతాయి. బకెట్‌ను ఎత్తడానికి, వంచడానికి వేరుగా ఒక గేర్ పంపు ఉంటుంది. చక్రాలను నడిపే మూసిన వలయంలోకి చల్లబడిన, వడపోసిన ఆయిల్‌ను నిరంతరం నింపే ఏర్పాటును ఛార్జ్ వ్యవస్థ అంటారు. చాలా నమూనాలలో ఈ పనులన్నింటికీ ఆయిల్ ట్యాంకు ఒక్కటే.

అంటే యంత్రంలో కొన్ని భాగాలు ఉమ్మడివి, కొన్ని ఒక్కొక్క వైపుకు ప్రత్యేకమైనవి. లోప నిర్ధారణకు ఇదే కీలకం. లేత ఆకు, ముదురు ఆకు అన్న భేదం పైరులో ఎటువంటిదో, ఉమ్మడి భాగం, ప్రత్యేక భాగం అన్న భేదం ఈ యంత్రంలో అటువంటిది.

లక్షణం ఎక్కడ కనిపిస్తున్నది?

రెండు వైపుల చక్రాలూ బలహీనపడి, బకెట్ కూడా నెమ్మదిగా లేస్తుంటే కారణాన్ని ఉమ్మడి భాగాలలో వెతకాలి. ఆయిల్ మట్టం, ఫిల్టర్లు, ఆయిల్‌ను పీల్చే పైపులో గాలి చొరబాటు, ఇంజన్‌కు పంపుకు మధ్యనున్న కప్లింగ్ లేదా బెల్టు, చివరకు ఇంజన్ శక్తి అన్న వరుసలో పరీక్ష సాగాలి. బకెట్ బలంగా లేస్తూ, రెండు వైపుల నడక మాత్రమే బలహీనపడితే ఛార్జ్ పీడనాన్ని కొలవాలి. ఒక్క వైపే బలహీనపడితే ఆ వైపు లివర్ లింకేజి, పంపు, మోటారు, చైను, బ్రేకు మాత్రమే అనుమానితాలు. రెండు పంపులూ ఒకేసారి సమానంగా అరిగిపోవడం కంటే ఉమ్మడి భాగంలో ఒక్క లోపం ఏర్పడడానికే అవకాశం ఎక్కువ. ఈ సాధారణ తర్కాన్ని పాటిస్తే అనవసరంగా పంపు మార్చే సందర్భాలు చాలావరకు తగ్గుతాయి.

రెండవ ప్రశ్న వేడికి సంబంధించినది. ఉదయం బాగా నడిచి, రెండు గంటల పని తరువాత నీరసించే యంత్రంలో లోపలి అరుగుదలను అనుమానించాలి. వేడికి ఆయిల్ పలుచబడి, అరిగిన భాగాల సందుల గుండా ఎక్కువగా జారిపోతుంది. దీనికి విరుద్ధంగా చల్లగా ఉన్నప్పుడు మూలుగుతూ, వేడెక్కిన తరువాత సర్దుకునే యంత్రంలో పీల్చే మార్గంలోని అడ్డంకిని లేదా తగని చిక్కదనం గల ఆయిల్‌ను అనుమానించాలి.

మూడవ ప్రశ్న ఇంజన్ శబ్దానికి సంబంధించినది. లివర్ తోసినప్పుడు ఇంజన్‌పై భారం పడి శబ్దం బరువెక్కుతున్నా చక్రాలు తిరగకపోతే బ్రేకు విడువలేదని గాని, ఏదో భాగం బిగుసుకున్నదని గాని భావించాలి. ఇంజన్‌పై భారమే పడకపోతే పీడనం పుట్టడం లేదని అర్థం. కొంచెం భారానికే ఇంజన్ ఆగిపోతూ నల్లటి పొగ వస్తే గాలి ఫిల్టర్‌ను, పొగ లేకుండా నీరసిస్తే డీజిల్ ఫిల్టర్‌ను చూడాలి. అప్పుడు హైడ్రాలిక్ భాగాలను విప్పనవసరం లేదు.

ఇంజన్ చక్కగా నడుస్తూ, యంత్రం అసలే కదలకపోతే తొలి పరీక్ష విద్యుత్ రక్షణ వలయానికే. సీటుపై మనిషి కూర్చుని, రక్షణ కడ్డీని దించితేనే నడకను, బకెట్‌ను అనుమతించే ఏర్పాటు ఈ యంత్రాలలో ఉంటుంది. కొన్ని పాత నమూనాలలో ఇది యాంత్రికంగా పెడళ్లను బంధిస్తుంది. తరువాతి వాటిలో స్విచ్‌లు, సోలెనాయిడ్‌ల ద్వారా పనిచేస్తుంది. కోళ్ల ఎరువు దుమ్ము, కడిగిన నీరు చేరిన కనెక్టర్, వదులైన ఎర్త్ వైరు, బలహీనమైన బ్యాటరీ వీటిలో ఏ ఒక్కటైనా యంత్రాన్ని నిలువరించగలదు. ఒక మల్టీమీటరుతో తేలే విషయమిది.

వదిలిన లివర్ మధ్యకు వచ్చినా యంత్రం మెల్లగా పాకుతుంటే పంపును నిందించే ముందు లింకేజి సర్దుబాటును, లివర్‌ను మధ్యకు తెచ్చే స్ప్రింగును చూడాలి. దిశ మార్చినప్పుడు కుదుపు, గొలుసు కొట్టుకునే శబ్దం వస్తే చైను వదులైనదని గుర్తించాలి. ఒకే వైపు ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు కొలతల టైర్లు వేయడం చైన్లకు తీరని హాని చేస్తుంది. రెండు చక్రాలూ ఒకే చుట్ల వేగంతో తిరగక తప్పదు. చుట్టుకొలత వేరైనప్పుడు ఒక టైరు నేలపై ఈడ్చుకుపోతుంది, ఆ భారమంతా చైనుపై పడుతుంది.

నిర్వహణలో మొదటి పని: కొత్త ఆరంభం

చరిత్ర తెలియని యంత్రానికి కొన్న రోజే కొత్త చరిత్రను ప్రారంభించాలి. ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, చైను పెట్టెల ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లన్నీ మార్చి, తేదీని, మీటరు అంకెను ఒక నోటు పుస్తకంలో రాయాలి. తీసిన హైడ్రాలిక్ ఫిల్టర్‌ను పారవేయక కోసి చూడాలి. అయస్కాంతానికి అంటే ఇనుప రజను, పసుపు రంగు లోహపు పొరలు, రబ్బరు ముక్కలు వేర్వేరు భాగాల అరుగుదలను సూచిస్తాయి. పసుపు లోహం సాధారణంగా పిస్టన్ పంపు లేదా మోటారు లోపలి కంచు భాగాల నుండి వస్తుంది. మట్టి పరీక్ష నివేదిక రైతుకు ఎంత ఉపయోగమో, కోసిన ఫిల్టర్ యజమానికి అంతే ఉపయోగం.

ఆయిల్ ఎంపికలో ఊహకు తావు లేదు. కొన్ని పాత నమూనాలకు హైడ్రాలిక్ వ్యవస్థలో నిర్ణీత చిక్కదనం గల ఇంజన్ ఆయిల్‌నే తయారీదారులు సూచించారు. మరికొన్నింటికి ప్రత్యేక హైడ్రాలిక్ ఆయిల్ కావాలి. నమూనా, క్రమసంఖ్యలను బట్టి దాని పుస్తకాన్ని సంపాదించడం తొలి పెట్టుబడి. పాల రంగు ఆయిల్‌లో నీరు చేరినట్లు, నురుగు వస్తే గాలి చేరినట్లు, మాడిన వాసన వస్తే అతిగా వేడెక్కినట్లు భావించాలి.

పిస్టన్ పంపు భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లు మాత్రమే. మనిషి కంటికి సుమారు 40 మైక్రాన్ల కంటే చిన్న కణం కనిపించదు. అంటే కంటికి శుభ్రంగా కనిపించే ఆయిల్ కూడా పంపును అరగదీయగలదు. మూత తీసే ముందు చుట్టూ తుడవడం, ఆయిల్‌ను శుభ్రమైన మూత గల డబ్బాతో పోయడం, విప్పిన పైపు కొసలకు వెంటనే మూతలు పెట్టడం ఖర్చు లేని పనులు. పంపు ఆయుష్షును ఇంత చవకగా పెంచే ఉపాయం మరొకటి లేదు.

పిన్నులకు, బుష్‌లకు ప్రతి 8–10 గంటల పనికి ఒకసారి గ్రీజు పెట్టాలి. రేడియేటరు, ఆయిల్ కూలర్ రెక్కలలో చేరిన ఈకలు, ఊక, దుమ్మును గాలి వీచే దిశకు ఎదురుగా ఊది తీయాలి. ఇంజన్ కింది పళ్లెంలో ఎండిన ఎరువు, గడ్డి, కారిన ఆయిల్ కలిసి పేరుకుంటే అది నిప్పుకు సిద్ధంగా ఉన్న ఇంధనం. పని ముగిసిన ప్రతి రోజు దానిని తొలగించడం అవసరం. ఎరువు అంటిన యంత్రాన్ని కడిగి, ఆరిన తరువాత గ్రీజు పెట్టి నిలిపితే తుప్పు తగ్గుతుంది.

రాజీ పడరాని మూడు విషయాలు

మొదటిది, రక్షణ స్విచ్‌లను వైరుతో కలిపి తప్పించడం. ఇది లోపాన్ని సరిచేయదు, దానిని కప్పిపుచ్చుతుంది. స్కిడ్ స్టీర్‌లో మనిషి కూర్చునే చోటుకు ఇరువైపులా లిఫ్ట్ ఆర్ములు, అంటే బకెట్‌ను ఎత్తే చేతులు, పైకి కిందికి కదులుతాయి. ఎక్కే దారి బకెట్ మీదుగానే. ఇంజన్ నడుస్తుండగా దిగే మనిషి కాలు పెడల్‌కు తగిలితే ఆర్ములు అతడి మీదికే దిగుతాయి. ఈ ప్రమాదాన్ని ఆపడానికే ఆ స్విచ్ ఉన్నది. తాత్కాలికమని కలిపిన వైరు శాశ్వతంగా మిగిలిపోతుంది. తరువాత సీటులో కూర్చునే కూలీకి ఆ సంగతి తెలియదు.

రెండవది, లేపిన లిఫ్ట్ ఆర్ముల కింద పనిచేయడం. హైడ్రాలిక్ సిలిండర్ భారాన్ని మోసే స్తంభం కాదు. ఒక సీలు చిరిగినా, ఒక పైపు పగిలినా ఆర్ములు క్షణంలో దిగుతాయి. తయారీదారు ఇచ్చిన ఆర్మ్ స్టాప్‌ను బిగించిన తరువాతే క్యాబిన్ లేపాలి. పాత యంత్రాలలో ఈ కడ్డీ తరచుగా పోయి ఉంటుంది. అటువంటప్పుడు దానిని ముందు కొనాలి, మిగతా మరమ్మతు తరువాత చూసుకోవాలి. దుంగ ఆనించడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

మూడవది, ఆయిల్ కారే చోటును చేతితో తడిమి వెతకడం. పీడనంలో ఉన్న పైపుకు సూది మొనంత రంధ్రం పడితే కంటికి కనిపించని సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాటు మాత్రమే కనిపిస్తుంది, తొలి గంటలలో నొప్పి కూడా తక్కువగా ఉండవచ్చు. అయినా అది తక్షణ శస్త్రచికిత్స అవసరమైన గాయం. ఆలస్యమైతే వేలును, చేతిని కోల్పోయే ప్రమాదం ఉన్నది. అట్టముక్కను గాని, చెక్కను గాని ధారకు అడ్డుపెట్టి వెతకాలి. గాయమైతే 'హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయింది' అని వైద్యునికి స్పష్టంగా చెప్పాలి.

ఈ మూడింటినీ బోధించని నిర్వహణ శిక్షణ అసంపూర్ణమే కాదు, హానికరం కూడా.

వదులుకోవలసిన యంత్రం

పాత యంత్రాలన్నీ కొనదగినవి కావు. లిఫ్ట్ ఆర్ములలో గాని, ప్రధాన చట్రంలో గాని పగుళ్లకు పైపై వెల్డింగు వేసిన యంత్రాన్ని, రక్షణ క్యాబిన్ కోసివేసిన యంత్రాన్ని, వేడెక్కిన తరువాత రెండు వైపులా నీరసించి ఫిల్టర్‌లో పసుపు లోహం చూపే యంత్రాన్ని ఎంత చవకైనా వదులుకోవడమే మేలు. కొనుగోలుకు ముందు కనీసం ఒక గంట భారంతో నడిపి చూడాలి. ఇంజన్‌ను ముందే వేడి చేసి ఉంచిన అమ్మకందారు చలి ఉదయపు ఇబ్బందిని దాచవచ్చు. పది నిమిషాల ప్రదర్శనతో సరిపెట్టేవాడు వేడి మధ్యాహ్నపు నీరసాన్ని దాచవచ్చు. మీటరు అంకె కంటే పెడళ్ల అరుగుదల, పిన్నుల ఆట, సీటు స్థితి నిజానికి దగ్గరగా ఉంటాయి. బకెట్‌ను పట్టే లాకు పిన్నులు రెండు వైపులా పూర్తిగా దిగుతున్నవా అన్నదీ చూడాలి.

విస్తరణ వ్యవస్థ చేయగలిగినది

ఇది మెకానిక్ పని, విస్తరణ శాస్త్రవేత్తకు సంబంధం లేదన్న అభ్యంతరం రావచ్చు. అందులో కొంత న్యాయం ఉన్నది. పంపును విప్పి బిగించడం విస్తరణ సేవ కాదు. అయితే పురుగుమందు చల్లేది రైతే అయినా ఏ పురుగుకు, ఏ దశలో, ఏ మోతాదులో అన్న నిర్ణయంలో శాస్త్రవేత్త తోడ్పడుతున్నాడు. యంత్రం విషయంలోనూ నిర్ణయానికి తోడ్పడడమే కోరదగినది. యజమాని మెకానిక్ వద్దకు 'యంత్రం నడవడం లేదు' అని వెళ్లడానికి, 'వేడెక్కిన తరువాత ఎడమ వైపు మాత్రమే నీరసిస్తున్నది, బకెట్ బాగున్నది' అని వెళ్లడానికి మధ్య తేడా ఆ బిల్లులోనే కనిపిస్తుంది. మంచి మెకానిక్‌కు కూడా ఆ వివరమే కావాలి.

మరొక అభ్యంతరం, ఇటువంటి యంత్రాలు ట్రాక్టర్లతో పోల్చితే బహు కొద్ది అన్నది. ఆ మాట నిజమే. కాని హైడ్రాలిక్ వ్యవస్థ, ఫిల్టర్, పీడన పరీక్ష, రక్షణ స్విచ్ స్కిడ్ స్టీర్‌కే పరిమితం కావు. హైడ్రోస్టాటిక్ నడక గల వరికోత యంత్రానికి, ట్రాక్టరు ముందు బిగించే లోడర్‌కు ఇదే తర్కం వర్తిస్తుంది. చిన్న యంత్రంపై నేర్చిన పద్ధతి పెద్ద యంత్రంపై పనికి వస్తుంది.

2014-15లో ప్రారంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ యంత్రాల కొనుగోలుకు, అద్దె కేంద్రాల స్థాపనకు తోడ్పడింది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి. పునాది లేదని చెప్పడానికి వీలు లేదు. దానిపై నాలుగు పనులు చేర్చవచ్చు. ఉమ్మడి లోపాన్ని, ఒక వైపు లోపాన్ని వేరు చేసే ఒక పేజీ నిర్ధారణ పట్టికను తెలుగులో ముద్రించాలి. వందల బార్ల పీడనాన్ని తట్టుకునే సరైన గేజి, అడాప్టర్లు, మల్టీమీటరు గల పెట్టెను కృషి విజ్ఞాన కేంద్రంలో ఉంచి, శిక్షణ పొందిన వ్యక్తి చేతనే వాడించాలి. గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలో ప్రతి విద్యార్థి బృందం ఒక పాత యంత్రపు చరిత్రను, లోపాలను, ఆగిన రోజులను నమోదు చేయాలి. యాంత్రీకరణ ప్రగతిని పంపిణీ చేసిన యంత్రాల సంఖ్యతో పాటు, అదనులో నిజంగా పనిచేసిన రోజుల సంఖ్యతోనూ కొలవాలి.

వీటిలో చివరిది అన్నింటికంటే ముఖ్యమైనది. విత్తనం ఎంత పంచామన్న లెక్కతో ఏ శాస్త్రవేత్తా తృప్తి పడడు, ఎంత మొలిచిందని అడుగుతాడు. షెడ్డులో నిలిచిన యంత్రాన్ని గురించి కూడా ఆ ప్రశ్న అడగడం మొదలైన నాడు, పరీక్ష లేని మరమ్మతును పరీక్ష లేని ఎరువు వలెనే దుబారాగా గుర్తించడం అలవాటవుతుంది. అంతకు మించి, ఒక వైరు ముక్కతో రక్షణను తప్పించిన యంత్రంలోకి ఏ కూలీ ఎక్కవలసిన అవసరం రాదు.